తప్పుల్లేని నోటుబుక్కు

అమృతమ్మ కడుపుమంట గురించి రాయబోతున్నాను. అందులో కొంత పుల్ల పెట్టింది నేనే కాబట్టి ముందు నా సంగతి చెప్పుకోవడం మంచిది. నా పేరు రాఘవేందర్. హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. శంషాబాద్ పాత ఊళ్లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక ప్రైమరీ స్కూలుంది. ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టిన పెద్దవాళ్లకు ఆదివారం పూట అక్కడ గ్రామర్ చెబుతాను. ఎవరూ రమ్మని బతిమాలలేదు, నేనే వెళ్లాను. అందుకని అందరినీ కసురుకునే హక్కు నాకుందని నా నమ్మకం.

ఆ గదిలో బెంచీలు మూడో తరగతి పిల్లలవి. నలభై ఏళ్ల మనుషులు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటారు. నెత్తి మీద నుంచి విమానం దిగేటప్పుడు పాఠం ఆపుతాం. సగం చెప్పిన వాక్యం నా నోట్లోనే ఉంటుంది. చప్పుడు పోయాక మిగతా సగం చెబుతాను. దానికి ఎవరూ నవ్వరు, ఎవరూ విసుక్కోరు.

పోయిన జనవరిలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చేరారు. ఒకే ఇంటి తోడికోడళ్లు, మా దిక్కు మాటలో యారాండ్లు. పెద్దామె అమృతమ్మకు నలభై రెండు. చిన్నామె రేఖకు ఇరవై తొమ్మిది. ఇద్దరిదీ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని. ఒకే కంపెనీ, ఒకే షిఫ్టు, పొద్దున్నే ఒకే బస్సు. ఇంటికొస్తే ఒకే పొయ్యి, వారానికొకరి వంతు వంట. ఇంత దగ్గరగా బతికేవాళ్లకు పడకపోతే తప్పించుకునే చోటు కూడా ఉండదు.

చేరడానికి కారణం అమృతమ్మే చెప్పింది. వాళ్ల కంపెనీలో సూపర్‌వైజర్ పోస్టు పడబోతోంది. టెన్త్ చదువుతూనైనా ఉండాలి, ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడాలి. పద్నాలుగేళ్లుగా అద్దాలు తుడుస్తున్న అమృతమ్మకు ఆ పోస్టు కావాలి. చేతిలో వాకీటాకీ కావాలి. తను చెబితే నలుగురు వినాలి. రేఖ చేరి నాలుగేళ్లే అయింది, కానీ అక్క చదువుతుంటే తనూ చదువుతానని వెంట వచ్చింది.

"నేను ఏడో తరగతిల ఫస్టొచ్చిన సార్" అంది అమృతమ్మ, ఎవరూ అడగకుండానే. "ఎనిమిదికి పక్కూరికి నడిచి పోవాలె. మా బాపు పంపలే." వెంటనే, "రేఖ తొమ్మిది ఫెయిల్" అని కూడా చేర్చింది. రేఖ పకపకా నవ్వింది.

రెండో వారం నుంచి నేనొక పని పెట్టాను. రోజూ డ్యూటీలో చేసినవి, చూసినవి ఐదు వాక్యాలుగా రాయాలి. చిన్నవే. ఎవరు, ఏం చేశారు, అంతే. ఆదివారం నేను దిద్దుతాను.

అమృతమ్మ నోటుబుక్కుకు అట్ట వేసి ఉండేది, అంచులు స్కేలుతో గీసి ఉండేవి. లోపల, 'ఐ క్లీన్ ది ఫ్లోర్. ఐ క్లీన్ ది మిర్రర్. ఐ క్లీన్ ది బేసిన్. ఐ ఫిల్ ది సోప్. ఐ సైన్ ది షీట్.' మర్నాడూ అదే. ఆ మర్నాడు సోప్ ముందొచ్చేది, బేసిన్ వెనక్కి పోయేది. భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకదు. నేను కింద ఒక టిక్కు పెట్టి పక్కన పడేసేవాణ్ని.

రేఖ పుస్తకానికి అట్టే లేదు. అందులో, 'వన్ లేడీ క్రైయింగ్ ఇన్ టాయిలెట్. ఫ్లైట్ గో. హర్ మదర్ ఇన్ హాస్పిటల్ దేర్. ఐ గివింగ్ టిష్యూ. షి హోల్డ్ మై హ్యాండ్ నాట్ లీవ్.' ఎక్కడ వాక్యం మొదలైందో, ఎక్కడ ఆగిందో దేవుడికే తెలియాలి. నేను ఎర్ర పెన్ను తీసి ఇక్కడొక 'ఈజ్', అక్కడొక 'వాజ్' ఇరికించేసరికి పేజీ నిండా ఎరుపే. అయినా చదువుతుంటే ఆ ఏడ్చే మనిషి నా ముందు నిలబడేది. తర్వాత ఏమైందని అడిగేవాణ్ని. రేఖ చెప్పేది, క్లాసంతా వినేది, పది నిమిషాలు అలాగే పోయేవి. ఆ పది నిమిషాలూ అమృతమ్మ తన టిక్కు వంక చూసుకుంటూ కూర్చునేది. అప్పట్లో నాకది కనబడలేదు. కనబడినా పట్టించుకునేవాణ్ని కాదేమో.

మార్చిలో ఒకరోజు అందరూ వెళ్లాక ఆగింది.

"సార్, తప్పులు చేసినోళ్లకే చెప్తరా మీరు?"

"తప్పులు లేకుంటే ఏం చెప్పాలమ్మా?" అన్నాను, తాళం వెతుక్కుంటూ.

"గంతేనా" అంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ఆమె పుస్తకం తెరిస్తే నాకు మతిపోయింది. 'ఐ ఈజ్ క్లీన్ ది ఫ్లోర్స్. మిర్రర్ ఆర్ క్లీనింగ్ మి.' గుండ్రటి అక్షరాలు, స్కేలు అంచులు, వాక్యానికొక తప్పు చొప్పున కొలిచి పోసినట్టు. ఐదు రోజులు, ఇరవై ఐదు వాక్యాలు. రాక చేసిన తప్పుకూ కావాలని చేసిన తప్పుకూ తేడా నాకు తెలియదా? ఒళ్లు మండిపోయింది.

"ఏందమ్మా ఇది? నాతోని ఆటలా?" అని నలుగురిలో అరిచి పుస్తకం బెంచీ మీద పడేశాను.

పక్కనుంచి రేఖ, "అక్కకు జ్వరముండె సార్, వారమంత" అని అబద్ధమాడి కాపాడబోయింది. అప్పుడు అమృతమ్మ ముఖం చూశాను. నేను తిట్టినప్పుడు మామూలుగానే ఉన్న ముఖం రేఖ కాపాడేసరికి కందిపోయింది.

అంతకుముందు నాకు తెలియనివి కూడా ఆ తర్వాత ఒక్కొక్కటే తెలిశాయి. అమృతమ్మ తన వంతు వారంలో పొయ్యి పైన గోడకు క్రియల పట్టిక అతికించేది. జొన్నరొట్టె తడుతూ 'గో, వెంట్, గాన్' అని చదువుకునేది. రేఖ అక్కడే కూర్చుని రొట్టె తింటూ ఆ పట్టిక చూసి, రెండు రోజుల్లో ఒప్పజెప్పేసింది. "నేను రాసి అతికిస్తె అది తింటా నేర్చుకుంటది సార్" అంది అమృతమ్మ నాతో. అందుకని వంతు మారగానే కాగితం పీకి, మడిచి, చీరల పెట్టెలో దాచిపెట్టేది.

ఎయిర్‌పోర్టులోనూ అదే గోల. ఒకరోజు ఎవరో పెద్దాయన వచ్చి గేటు ఎటని ఇంగ్లిష్‌లో అడిగాడు. అమృతమ్మ మనసులో వాక్యం కట్టుకుంటోంది. కర్త ముందా, క్రియ ఎక్కడ, 'టు' పెట్టాలా వద్దా. అంతలో రేఖ తుడుపుకర్ర ఎత్తి చూపించి, 'సార్ యూ గో గో గో, దెన్ లెఫ్ట్' అంది. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

"నా మాట సర్దుకునేలోపట ఆ మనిషి విమానమే ఎక్కిపాయె" అంది అమృతమ్మ. "దానికి సిగ్గు లేదు సార్. గదే దాని అదృష్టం. నాకు దాన్ని చూస్తె మండుతది. చెప్పుకోవద్దుగని మండుతది."

"నువ్వు మంచిగ నేర్చుకుంటున్నవు, దాన్ని చూడకు" అన్నాను. అంటే సరిపోతుందా? మళ్లీ వారం నేను రేఖ పుస్తకమే ముందు తెరిచాను.

జూలై ఆఖర్లో కంపెనీ వాళ్లు నోటీసు అంటించారు. శ్రావణం మొదటి ఆదివారం, పొద్దున పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. అమృతమ్మ పేరూ రేఖ పేరూ ఉన్నాయి. ఎన్ని పోస్టులో రాయలేదు. ఒక్కటే అని అందరూ అనుకున్నారు. ఆ ఆదివారమే మా ఊరి బోనాలు. ఎయిర్‌పోర్టుకు ఏ పండుగా పట్టదు.

వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పోచమ్మకు ఇంటి నుంచి ఒక్కటే బోనం పోతుంది, దాన్ని పెద్దకోడలే ఎత్తుతుంది. ఇరవై ఏళ్లుగా అమృతమ్మదే ఆ బోనం. ఎత్తే మనిషి తెల్లవారినప్పటి నుంచి ఒక్కపొద్దు ఉండాలి. కుండ నెత్తికెత్తుకునేదాకా గడప దాటకూడదు. అంటే పదకొండు గంటలకు అమృతమ్మ గడప లోపలే ఉండాలి, రేఖ ఒక్కతే ఇంటర్వ్యూకు పోవాలి. అత్త ముత్తమ్మను అడిగితే, "కొలువుదేముంది, ఇయ్యాల గాకుంటె రేపొస్తది. అమ్మవారి ముచ్చట గట్ల గాదు" అని తేల్చేసింది.

మూడు రోజులు అమృతమ్మకు అన్నం సహించలేదు. నాలుగో రోజు పొద్దున చాయ్ తాగుతుండగా అత్త దగ్గర కూర్చుంది.

"అత్తమ్మా, ఎన్నడు జూసినా నేనే ఎత్తుతున్న. ఈసారి రేఖను ఎత్తనియ్యి. అది గూడ ఈ ఇంటి కోడలే గద."

ముత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మనసుల నుంచి అంటున్నవా బిడ్డా? ఒక్కసారి ఎత్తినామె మూడేండ్లు ఎత్తాలె. మళ్ల మాట మర్లొద్దు."

"మర్లను."

పక్కనే చాయ్ తాగుతున్న రేఖ గ్లాసు కింద పెట్టేసింది. "నిజంగనేనా అక్కా?" అంది. ఇంటర్వ్యూ పోతోందని ఏడుస్తుందని అమృతమ్మ అనుకుంది. రేఖ ఏడ్చింది కూడా. కానీ ఆరేళ్ల క్రితం కోడలిగా వచ్చిన రోజు నుంచి ఏటా ఆ కుండకు సున్నం పూసి, పసుపు బొట్లు పెట్టి, వేపాకులు కట్టి, ఇంకొకరి నెత్తి మీద పెట్టి వెనక నడిచిన పిల్ల అది. ఆ ఏడుపు దేనికో అమృతమ్మకు అప్పుడు తట్టలేదు.

వీధంతా ఆమెను మెచ్చుకుంది, పెద్దకోడలంటే గట్లుండాలె అని. నేనూ మెచ్చుకున్నాను. "మరి ఇంటర్వ్యూ సంగతేంది?" అని రేఖను అడిగాను.

"అక్క పోతది సార్. అక్కకు నాకంటె మంచిగొస్తది" అంది. దాని మాటలో ఎక్కడా పుల్లవిరుపు లేదు.

ఇంటర్వ్యూ గదిలో జరిగింది అమృతమ్మే వారం తర్వాత నాకు చెప్పింది. చెప్పినట్టే రాస్తున్నాను. లోపల ఒక సారు, ఒక మేడమ్ ఉన్నారు. ఏం పని చేస్తావు, ఎవరైనా ప్యాసింజర్ గొడవ పడితే ఏం చేస్తావు అని అడిగారు. ఆమె మెల్లగా, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ చెప్పింది. వాళ్లు తొందర పెట్టలేదు. మేడమ్ తల ఊపుతూ రాసుకుంది. పోస్టు ఇచ్చినట్టే అని ఆమెకు తెలిసిపోయింది. అప్పుడు ఆ సారు కాగితం చూసి, 'వి నీడ్ టూ సూపర్‌వైజర్స్. వేర్ ఈజ్ రేఖ?' అన్నాడు. ఇద్దరు కావాలి మాకు, రేఖ ఏది? పక్కనుంచి మేడమ్, 'షి కెన్ కమ్ టుమారో ఆల్సో' అంది. రేపు వచ్చినా సరే అంటోంది.

మనసులో తెలుగులోకి తిప్పుకోకుండా ఆమెకు సూటిగా అర్థమైన మొదటి ఇంగ్లిష్ మాటలు అవేనట. 'యెస్ మేడమ్' అంటే చాలు. రెండే ముక్కలు. అమృతమ్మ వీపు నిటారు చేసుకుని, 'షి డజ్ నాట్ వాంట్ దిస్ జాబ్, సార్' అంది. రేఖకు ఈ ఉద్యోగం వద్దంట అని. ఆలోచించుకోలేదు, తడుముకోలేదు, గబుక్కున వచ్చేసింది. మేడమ్ రేఖ పేరు మీద గీత కొట్టేసింది.

సాయంత్రం ఐదింటికి డప్పులు మా వీధిలోకి వచ్చాయి. నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ముందు రేఖ. పసుపు చీర, తడి జుట్టు, నెత్తిన బోనం, దాని మీద దీపం. ఎప్పుడూ ఇకిలిస్తూ, చేతులు తిప్పుతూ మాట్లాడే పిల్ల మెడ కదపకుండా, కళ్లు దించకుండా నడిచి వస్తుంటే నేను గుర్తుపట్టలేదు. ఇళ్ల ముందు ఆగినప్పుడల్లా ఆడవాళ్లు కాళ్ల మీద బిందెడు నీళ్లు పోసి, పసుపు రాసి, దండం పెడుతున్నారు. బోనమెత్తిన మనిషికి వయసు ఉండదు. మా ఆవిడకు అరవై మూడు, ఆమె కూడా వంగి మొక్కింది.

అప్పుడే కంపెనీ బస్సు దిగి అమృతమ్మ వచ్చింది. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. ముత్తమ్మ ఆమెను చూసి, నీళ్ల బిందె చేతికిచ్చి, "నీ చేతులతోని నీళ్లు పొయ్యి బిడ్డా. నువ్విచ్చిన బోనమే గద" అంది.

అమృతమ్మ పోసింది. వంగి కూర్చుని రేఖ పాదాలకు పసుపు రాసింది. రాస్తూ అక్కడే ఉండిపోయింది, డప్పులవాళ్లు ఆగి చూసేంత సేపు. ఆ కాసేపూ తనకు పోస్టు గుర్తే రాలేదని తర్వాత చెప్పింది. ఇరవై ఏళ్లు ఈ నీళ్లు తన కాళ్ల మీద పడ్డాయి. ఈ వీధి మొత్తం తనకు మొక్కింది. ఆ కుండ లాక్కుని తన నెత్తిన పెట్టుకోవాలనిపించిందట.

"ఎట్లయిందక్కా?" అంది రేఖ, తల కదపకుండా, పెదవులతోనే.

"వచ్చింది."

రేఖ కళ్లు మెరిశాయి. "ఒక్కటే పోస్టా?"

"ఒక్కటే" అంది అమృతమ్మ లేస్తూ. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. ఊరేగింపు ముందుకు పోయింది.

తర్వాతి ఆదివారం అమృతమ్మ అందరికంటే ముందు వచ్చి, నేను బోర్డు తుడుస్తుంటే ఇదంతా చెప్పింది. నా పాడు బుద్ధి చూడండి, ఆమె అన్న ఆ ఇంగ్లిష్ వాక్యం వినగానే ముందు తప్పేమైనా ఉందా అని చూసుకున్నాను. లేదు. ఆ తర్వాతే ఆమె చేసిన పని అర్థమై డస్టర్ పక్కన పెట్టాను.

"రేఖకు చెప్పు" అన్నాను.

"చెప్పొచ్చు సార్. చెప్తె ఏమంటదో నాకెర్కే. 'పోనియ్యక్కా' అంటది. నవ్వుతది. నా తరఫున ఇంకొకరికి అబద్ధం గూడ చెప్తది. నేను గిట్ల కుళ్లుతుంటె అది గట్ల ఎట్లుంటది సార్? తిట్టేదైతె చెప్తుంటి. అది పోనియ్యంటె నేను తట్టుకోలేను."

నాకు కోపం వచ్చింది. తిట్టించుకోవడానికి కూడా షరతులా? అందామనుకుంటుండగానే తలుపు దగ్గర చెప్పుల చప్పుడు.

రేఖ లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చింది. వెనకే మిగతావాళ్లు. "మా అక్క సూపర్‌వైజరయింది సార్" అని నా చేతిలో ఒకటి పెట్టింది. బెంచీ బెంచీకీ పంచుకుంటూ వెళ్లి, ఆఖర్న అమృతమ్మ ముందు నిలబడి, నోటి దగ్గరికి లడ్డూ తీసుకుపోయింది. అమృతమ్మ నోరు తెరవలేదు.

"రేఖా, పోస్టులు రెండుండె."

రేఖ చెయ్యి ఆగింది.

"నిన్ను గూడ అడిగిండ్రు. రేపొచ్చినా సరే అన్నరు. నీకొద్దంట అని నేనే చెప్పిన."

నేను ఆ మాట కోసం చూస్తున్నాను, 'పోనియ్యక్కా' అనే మాట కోసం. అమృతమ్మ కూడా దాని కోసమే పళ్లు బిగించుకుని కూర్చుంది.

రేఖ లడ్డూను తిరిగి డబ్బాలో పెట్టింది. మూత పెట్టింది. దాని గొంతు పెద్దగా ఏమీ లేదు.

"బోనమెందుకిచ్చినవో నాకు ఆ దినమే ఎర్కయింది. అయినా తీసుకున్న. ఆరేండ్ల సంది నిన్ను చూసి ఏడ్సిన ఆ బోనం కోసం. ఒక్క కొలువు పోతె పోయిందనుకున్న. రెండున్నయని ఎర్కై గూడ నా నోటికాడిది గుంజుకున్నవా?" అంది. ఎప్పుడూ చివర ఉండే 'అక్కా' ఈసారి లేదు. "ఇగ విను. మూడేండ్లు గాదు. ఆ బోనం నేను బతికున్నన్ని దినాలు నేనే ఎత్తుత. ప్రతి యేడు నువ్వే నా కాళ్లకు నీళ్లు పొయ్యాలె. అత్తమ్మకు నువ్వే చెప్పుకో."

డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను పాఠం మొదలుపెట్టాను, రెండు వాక్యాల దగ్గరే ఆపేశాను. అందరినీ పంపించేశాను.

అమృతమ్మ మాత్రం ఆ చిన్న బెంచీలోంచి లేవలేదు. ఏడుస్తుందేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. ఆమె తలుపు వైపే చూస్తోంది.

"కోపం గూడ దానికెంత మంచిగొచ్చింది సార్" అంది. "నలుగురిల నిలబడి అనేసింది, ఒక్క మాట తడబడలే. నేను ఆర్నెల్ల సంది లోపల్లోపల ఉడుకుతున్న. ఒక్కనాడన్న గట్ల ముఖం మీద అననొచ్చిందా నాకు?"